బియ్యం మిల్లుల రంగంలో వ్యవసాయ పట్టభద్రులకు కావలసిన నైపుణ్యాలు: అధ్యయనం ఎక్కడ మొదలు పెట్టాలి?

ఉద్యోగ ప్రకటనలు చదివి ఒక రంగానికి ఏ నైపుణ్యాలు అవసరమో తేల్చడం విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లో తరచు కనిపించే పొరపాటు. భావవ్యక్తీకరణ, బృందంతో కలసి పనిచేయడం వంటి మాటలు మిల్లుకైనా బ్యాంకుకైనా ఒక్కటే. గోదావరి డెల్టాలోని బియ్యం మిల్లులను ఉదాహరణగా తీసుకొని అధ్యయన విధానాన్ని ఇక్కడ చర్చిస్తున్నాము.

ముందుగా సరుకు నడిచే దారిని గీసుకోవాలి: కళ్లం, కొనుగోలు కేంద్రం, మిల్లు, గోదాము, కాకినాడ రేవు. ధాన్యం చేతులు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఒక కొలత తీస్తారు. దానిని బట్టి ధర నిలుస్తుంది లేదా తగ్గుతుంది. యజమాని జీతమిచ్చి కోరుకునేది ఆ కొలత మీద నమ్మకాన్నే.

తేమ విషయమే చూద్దాం. ప్రభుత్వ సేకరణలో ధాన్యానికి తేమ పరిమితి 17 శాతం. 20 శాతం తేమ గల 75 కిలోల బస్తాను ఆ స్థాయికి ఆరబెడితే ఎంత తరుగు వస్తుంది? మూడు శాతమే కదా అని 2.25 కిలోలు చెప్పేవారే ఎక్కువ. కానీ బస్తాలోని పొడి పదార్థం 60 కిలోలు, దానిని 0.83తో భాగిస్తే 72.29 కిలోలు మిగులుతాయి. అంటే తరుగు 2.71 కిలోలు. నూరు బస్తాల మీద తేడా 46 కిలోలు. లెక్క తక్కువ వేస్తే మిల్లు నష్టపోతుంది, ఉజ్జాయింపుగా ఎక్కువ కోస్తే రైతు నష్టపోతాడు. ఆ ఇద్దరి మధ్య నిలబడేవాడు మన పట్టభద్రుడే. బస్తాల అడుగున, మధ్యన, పైన గొట్టం గుచ్చి సరైన నమూనా తీయడం రాకపోతే ఈ లెక్క వచ్చినా ప్రయోజనం లేదు.

నూకల విషయంలో సస్యశాస్త్రం చదివినవారికి సహజమైన అనుకూలత ఉంది. కోత ఆలస్యమైనా, ఎండలో ఆరిన గింజ మళ్లీ మంచుకు తడిసినా లోపల పగుళ్లు ఏర్పడతాయి. ఉప్పుడు చేసినప్పుడు పిండిపదార్థం ఉడికి ఆ పగుళ్లు అతుక్కుంటాయి. అందుకే సేకరణలో బియ్యం దిగుబడి ప్రమాణం పచ్చి బియ్యానికి 67 శాతం, ఉప్పుడు బియ్యానికి 68 శాతం. దాళ్వా ధాన్యం పగుళ్లకు కారణం పొలంలో ఉందో మిల్లులో ఉందో చెప్పగల మనిషి ఏ మిల్లుకైనా అవసరమే.

రంగాన్ని నడిపే ఉత్తర్వులను కూడా తేదీలతో సహా నమోదు చేయాలి. 2023 జులైలో బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం విధించింది. 2024 సెప్టెంబరులో నిషేధం తొలగింది, అక్టోబరులో ఉప్పుడు బియ్యంపై సుంకం రద్దయింది. ఇటువంటి సంవత్సరంలో చేసిన సర్వేను మామూలు సంవత్సరానికి అన్వయించరాదు.

ఇక ప్రశ్నావళి. ‘మీకు ఏ నైపుణ్యాలు కావాలి?’ అని అడిగితే యజమాని మర్యాదకు ఏదో ఒకటి చెబుతాడు. ‘కిందటి దాళ్వాలో ఏ లోడు వెనక్కి వచ్చింది? ఎందుకు?’ అని అడగాలి. యజమానినే కాక గుమాస్తానూ, నాణ్యత చూసేవారినీ, ఉప్పుడు తొట్ల వద్ద పనిచేసేవారినీ విడివిడిగా కలవాలి. వారి జవాబులు ఒకదానితో ఒకటి పొసగని చోటే అధ్యయనానికి విలువైన సమాచారం దొరుకుతుంది.

ఆరవ డీన్స్ కమిటీ పాఠ్యప్రణాళికలో నైపుణ్యాభివృద్ధి కోర్సులకు చోటుంది. డెల్టాలోని కళాశాలలు వాటిలో కనీసం ఒకదానిని దాళ్వా ధాన్యం మిల్లులకు చేరే ఏప్రిల్, మే నెలల్లో మిల్లు ఆవరణలోనే నిర్వహించే వీలును పరిశీలించాలి.