కొండ దిగితే తెలిసే కొలత

ఈ సెలవుల్లో కొండ ఎక్కబోతున్నారా? అయితే మొదటి జత బూట్లు కొనేముందు ఇది చదవండి.

ఒకప్పుడు నేను పొద్దున్నే దుకాణానికి వెళ్ళి, కాలికి అతికినట్లున్న బూట్లు కొని, విద్యార్థులతో కొండ ఎక్కాను. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగిన మర్నాటికి రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి! ఎందుకని?

వాలుతలం పాఠం గుర్తు తెచ్చుకోండి. 30 డిగ్రీల వాలు మీద మన బరువులో సగం వాలు వెంబడి కిందికి లాగుతుంది. 40 కిలోల విద్యార్థికి అది 20 కిలోల బరువుతో సమానం. నేల ఘర్షణ బూటును ఆపుతుంది. లోపలి పాదం మాత్రం ముందుకు జారుతుంది. ముందు ఖాళీ లేకపోతే దెబ్బ వేళ్ళకే! పైగా నడిచేకొద్దీ పాదాలు కాస్త ఉబ్బుతాయి.

కనుక బూట్లు సాయంత్రం కొనండి. కొండకు వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి చూడండి. లేసు కట్టకముందు వేళ్ళను ముందుకు ఆనిస్తే, మడమ వెనుక ఒక వేలు పట్టాలి. తరువాత మడమను వెనక్కి ఆనించి, లేసు బిగించి, మెట్లు దిగండి. వేళ్ళు ముందు తగలకూడదు, మడమ లేవకూడదు. మడమ లేస్తే రాపిడి, చెమట కలిసి బొబ్బలెక్కుతాయి. కొన్నాక రెండు వారాలు ఊళ్ళోనే వేసుకుని నడవండి.

చేసి చూడండి: ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కాగితం మీద నిలబడి, రెండు పాదాల చుట్టూ గీత గీయించుకోండి. నాలుగింటిలో పెద్దదే మీ అసలు కొలత. దుకాణానికి ఆ కాగితం తీసుకువెళ్ళండి.