ఆలస్యంగా మూసుకునే వాల్వు

కోడ్ రాసేవాళ్లకి మొదటి సెమిస్టర్‌లోనే ఒక మాట చెప్తారు: మారే అవకాశం ఉన్న సంఖ్యని ప్రోగ్రాం మధ్యలో అంకెగా రాసెయ్యొద్దు, దానికో పేరు పెట్టి వేరియబుల్‌గా ఉంచుకో అని. ఆ లెక్కన మామూలు పెట్రోల్ ఇంజిన్ చాలా చెత్త ప్రోగ్రాం. అందులో రెండు ముఖ్యమైన సంఖ్యల్ని లోహంలో పోతపోసేశారు. వాల్వులు ఎప్పుడు తెరుచుకుని ఎప్పుడు మూసుకోవాలన్నది ఒకటి. పిస్టన్ పెట్రోల్ కలిసిన గాలిని ఎంత ఇరుకులోకి నొక్కాలన్నది రెండోది. ఊళ్లో ట్రాఫిక్‌లో పాకుతున్నా, హైవే మీద 120లో పోతున్నా అవే సంఖ్యలు.

ఈ రెండింటినీ విడిపించాలని ఇంజినీర్లు నూట నలభై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. మెకానికల్ బ్రాంచ్ మిత్రులారా, మీ సిలబస్‌లోకి చెప్పకుండా వచ్చేశాను, కాస్త జరగండి.

ముందు నొక్కడం సంగతి. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు దాని పైన 10 వంతుల చోటు ఉండి, పైకొచ్చేసరికి 1 వంతే మిగిలితే కంప్రెషన్ రేషియో 10 అన్నమాట. థర్మోడైనమిక్స్ పుస్తకంలోని ఆదర్శ సూత్రం ప్రకారం రేషియో 8 అయితే ఎఫిషియెన్సీ 56 శాతం పైచిలుకు, 14 అయితే 65 శాతం. నిజం ఇంజిన్లు 40 శాతం దగ్గరికి రావడానికే ఆయాసపడతాయి, అయినా రేషియో పెరిగితే లాభం అన్నది మాత్రం నిజమే. మరి అన్నిటికీ 14 పెట్టేస్తే పోలా? పోదు. అంతలా నొక్కితే వేడెక్కి, స్పార్క్ వెలిగించని మూలల్లో కూడా మిశ్రమం దానంతటదే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. టకటకమని చప్పుడు, అశ్రద్ధ చేస్తే పిస్టన్‌కే చిల్లు. టర్బో ఉన్న ఇంజిన్‌లో గాలి ముందే కుక్కి వస్తుంది కాబట్టి భయం ఇంకా ఎక్కువ.

ఇక వాల్వులు. 6000 ఆర్‌పీఎం దగ్గర ప్రతి వాల్వూ సెకనుకి 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఒక్కోసారి తెరిచి ఉండేది సుమారు 7 మిల్లీసెకన్లు. కామ్‌షాఫ్ట్ మీది గుడ్డు ఆకారం దాన్ని నొక్కుతుంది, స్ప్రింగు వెనక్కి లాగుతుంది. వేగం మరీ పెరిగితే స్ప్రింగు ఆ పరుగు అందుకోలేదు, వాల్వు గాల్లో తేలిపోతుంది. డుకాటీ బైకుల్లో మూయడానికి కూడా ఇంకో కామ్ పెట్టారు, స్ప్రింగు మీద నమ్మకం పెట్టుకోలేదు. రెనో వాళ్లు 1986లో ఫార్ములా వన్ ఇంజిన్‌లో స్ప్రింగు బదులు గాలి పీడనం వాడారు. ఇవి రెండూ తెలివైనవే కానీ టైమింగ్ మాత్రం కామ్ చెప్పిందే. 1989లో హోండా వీటెక్ తెచ్చాక తక్కువ వేగానికో కామ్, ఎక్కువ వేగానికో కామ్ దొరికాయి. నా భాషలో చెప్పాలంటే ఒక ఇఫ్, ఒక ఎల్స్.

నాకు అన్నిటికన్నా మనసు పడింది మాత్రం కోనిగ్‌సెగ్ ఫ్రీవాల్వు. కామ్‌షాఫ్టే ఉండదు! ప్రతి వాల్వుకీ సొంత యాక్చువేటర్, గాలి ఒత్తిడితో తెరుస్తుంది, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత లోతు అన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. 2020లో చూపించిన జెమెరా కారులో రెండు లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్ నుంచి 600 హార్స్‌పవర్ తీస్తామన్నారు. తర్వాత కొనేవాళ్లు వీ8 వైపు మొగ్గడంతో ఆ చిన్న ఇంజిన్ పక్కకి తప్పుకుంది. నాకు బాధేసింది గానీ, ఒక మాట ఒప్పుకోవాలి. మన యాప్ రెండు మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఎవరికీ తెలియదు. ఇక్కడ అంతే ఆలస్యమైతే పైకొస్తున్న పిస్టన్ వచ్చి తెరిచున్న వాల్వుని గుద్దొచ్చు. కామ్‌కి తెలివి లేకపోయినా అది హ్యాంగ్ అవ్వదు.

రేషియోని మార్చడం ఇంకా కష్టం. సాబ్ కంపెనీ 2000లో జెనీవా షోలో చూపించిన 1.6 లీటర్ల ఇంజిన్ నడుము దగ్గర రెండుగా విడిపోయి ఉంటుంది. పై భాగం మొత్తాన్ని 4 డిగ్రీల దాకా వంచితే రేషియో 14 నుంచి 8కి దిగుతుంది. అదే ఏడాది జనరల్ మోటార్స్ సాబ్‌ని పూర్తిగా కొనేసింది, ఆ ఇంజిన్ అమ్మకానికి రాలేదు. చివరికి ఆ పని చేసి అమ్మింది నిస్సాన్. పిస్టన్‌కీ క్రాంక్‌కీ మధ్య అదనపు లింకులు పెట్టి, ఎలక్ట్రిక్ మోటారుతో వాటి వంపు మారుస్తుంది. దాంతో పిస్టన్ ఎక్కేదాకా ఎక్కే ఎత్తే మారిపోతుంది, 8 నుంచి 14 వరకూ ఏదైనా. 2024లో మన దేశానికి వచ్చిన ఎక్స్‌ట్రెయిల్‌లో ఉన్నది ఈ రకం ఇంజినే. కానీ లింకు పెరిగితే బేరింగులు పెరుగుతాయి. 2025లో అమెరికాలో నాలుగు లక్షలకు పైగా కార్లని ఇంజిన్ బేరింగుల అనుమానంతోనే వెనక్కి పిలవాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు మలుపు. నొక్కడం వల్ల ప్రమాదం, వ్యాకోచించడం వల్ల లాభం. ఈ రెండూ ఒకే దూరం ఎందుకుండాలి? ఈ ప్రశ్న 1880ల్లోనే జేమ్స్ ఆట్కిన్సన్ అనే ఇంగ్లిష్ ఇంజినీరుకి వచ్చింది. చిత్రమైన లింకులతో పిస్టన్ తక్కువ దూరం నొక్కి, మండాక ఎక్కువ దూరం జారేలా ఇంజిన్ కట్టాడు. నికోలస్ ఒట్టో పేటెంట్లని తప్పించుకోవడం కూడా ఆయన ఉద్దేశాల్లో ఒకటి. బరువూ భాగాలూ ఎక్కువై అది నిలబడలేదు.

ఆ లింకులేవీ లేకుండానే అదే పని అవుతుందని తర్వాత తేలింది. రాల్ఫ్ మిల్లర్ అనే అమెరికన్ 1957 నాటి పేటెంట్‌లో వాల్వు మూసే సమయాన్ని జరిపాడు. టయోటా 1997లో ప్రియస్‌లో వాడింది ఈ దారే. పిస్టన్ అడుగుకి వెళ్లి తిరిగి పైకొస్తున్నా ఇన్‌టేక్ వాల్వు ఇంకా మూయరు. లోపలికొచ్చిన మిశ్రమంలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మొత్తం 13 వంతుల చోటులో పిస్టన్ 10వ వంతు దగ్గరికొచ్చాక మూశారనుకోండి, నొక్కింది 10కే. మండాక మాత్రం 13 దాకా జారొచ్చు. నాకింగ్ లేదు, లాభం ఉంది, అదనపు లింకు ఒక్కటీ లేదు. మారింది మూసే సమయం, అంతే. ఇది మొదటిసారి అర్థమైనప్పుడు హాస్టల్ గదిలో లేచి కాసేపు అటూ ఇటూ తిరిగాను.

ఊరికే ఏదీ రాదనుకోండి. మిశ్రమం వెనక్కి పోయింది కాబట్టి బలం తగ్గుతుంది, సిగ్నల్ దగ్గర కారు బద్ధకంగా కదులుతుంది. ఆ లోటుని పూడ్చేది హైబ్రిడ్‌లోని ఎలక్ట్రిక్ మోటారు, దానికి సున్నా వేగం దగ్గరే మంచి టార్క్ ఉంటుంది. ఆట్కిన్సన్ ఆలోచనకి వందేళ్లకి దొరికిన జోడీ అది. మన రోడ్ల మీద 2022 నుంచి తిరుగుతున్న టయోటా హైరైడర్ చూడండి. మామూలు మోడల్‌లో 1462 సీసీ ఇంజిన్ దాదాపు 103 హార్స్‌పవర్ ఇస్తే, స్ట్రాంగ్ హైబ్రిడ్‌లోని 1490 సీసీ ఇంజిన్ 92 దగ్గరే ఆగుతుంది. ఇంజిన్ పెద్దది, బలం తక్కువ! కానీ కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకి 27.97 కిలోమీటర్లు. బోనెట్ ఎత్తి చూస్తే మాత్రం విచిత్రం ఏమీ కనిపించదు. మామూలు కామ్‌షాఫ్టు, మామూలు స్ప్రింగులు, కాస్త ఆలస్యంగా మూసుకునే వాల్వులు.