ప్రశ్నలకు బెదిరే గ్రంథం కాదు

మీర్‌పేట్

ప్రియమైన బిడ్డా,

నువ్వు పంపిన వీడియో చివరిదాకా చూశాను. బైబిలును మధ్యలో ఎవరో మార్చేశారని, మన చేతుల్లో ఉన్నది అసలు గ్రంథం కాదని అందులో మాట్లాడినతను చెప్పిన మాట నీకు నిద్ర పట్టనివ్వలేదని రాశావు. సంఘంలో ఒక పెద్దాయనను అడిగితే, సందేహించడమే పాపం అన్నారట. ఆ మాట నాకు బాధ కలిగించింది. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీసి చూడు. పౌలంతటివాడు వచ్చి బోధిస్తే బెరయలో ఉన్నవాళ్లు తల ఊపి ఊరుకోలేదు. ఆయన చెప్పింది నిజమా కాదా అని రోజూ లేఖనాలు వెతికి చూసుకున్నారు. లూకా వాళ్లను మెచ్చుకుంటూ రాశాడు. కాబట్టి నువ్వు అడుగు, భయపడకు.

ముందు ఆ "మార్చేశారు" అన్న సంగతి చూద్దాం. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల్లో పాత తోలు చుట్టలు బయటపడ్డాయి. వాటిలో యెషయా గ్రంథం దాదాపు మొత్తంగా ఉంది. యేసు ప్రభువు పుట్టడానికి వందేళ్లకు పైగా ముందు రాసిన ప్రతి అది. అప్పటిదాకా పండితుల దగ్గరున్న పూర్తి హెబ్రీ పాత నిబంధన ప్రతులు క్రీ.శ. 1000 ప్రాంతానివి. అంటే ఈ రెంటికీ మధ్య వెయ్యేళ్లకు పైనే. పక్కపక్కన పెట్టి చదివితే అక్షరాల తేడాలు, అక్కడక్కడ పదాల తేడాలు కనిపించాయి గానీ, యెషయా చెప్పిన సందేశం మాత్రం అదే. అచ్చుయంత్రం లేని వెయ్యేళ్లలో, చేత్తో రాసుకుంటూ వచ్చిన మనుషులు ఎంత భక్తితో రాశారో ఆలోచించు.

కొత్త నిబంధనకు గ్రీకు చేతిరాత ప్రతులే 5,000కు పైగా ఉన్నాయి. మాంచెస్టర్ గ్రంథాలయంలో అరచేతిలో ఇమిడేంత పపైరస్ ముక్క ఒకటి ఉంది. యేసు పిలాతు ముందు నిలబడిన సందర్భం, యోహాను 18వ అధ్యాయం లోనిది. రెండో శతాబ్దానిదని ఎక్కువమంది పండితుల మాట. ఈ ప్రతుల మధ్య తేడాలున్నాయా అంటే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అక్షర దోషాలు, పదాల వరస మారడం. పెద్దవి రెండున్నాయి. మార్కు చివరి పన్నెండు వచనాలు, యోహానులో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ అతి పాత ప్రతుల్లో లేవు. ఇది నీకు దాచను. ఎందుకంటే దీన్ని కనిపెట్టి అందరికీ చెప్పింది బైబిలును ప్రేమించిన పండితులే. ఐగుప్తులో, సిరియాలో, రోమాలో చెల్లాచెదురుగా ఉన్న ప్రతులన్నిటినీ పోగుచేసి ఒకేలా మార్చగల చెయ్యి ఆ రోజుల్లో ఎవరికీ లేదు. ఒకచోట తప్పు దొర్లితే ఇంకోచోటి ప్రతి దాన్ని పట్టిస్తుంది. ఇంతమంది రాయడం వల్లే గ్రంథాన్ని ఎవరూ మార్చేయలేదన్న నమ్మకం మనకు దొరికింది.

అయితే ఒక మాట. గ్రంథం మనదాకా చెడకుండా చేరిందని మాత్రమే ఈ ఆధారాలు చెప్తాయి. అందులో మాట్లాడేది దేవుడేనని ఏ పపైరస్ ముక్కా రుజువు చేయలేదు. అది చదివి, దాని ప్రకారం బతికి తెలుసుకోవలసిందే.

అలా తెలుసుకున్న బక్త్ సింగ్ గారి సంగతి మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టినవాడు. మిషన్ స్కూల్లో చదివేటప్పుడు బహుమతిగా ఇచ్చిన బైబిలు పేజీలు చింపేసి, అట్ట బాగుందని అట్ట మాత్రం దాచుకున్నాడు. అదే మనిషి 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో కొత్త నిబంధన అడిగి తీసుకుని చదివాడు. తర్వాత మన దేశానికి తిరిగొచ్చి, 1950లో హైదరాబాదులో హెబ్రోను సంఘం మొదలుపెట్టి, 2000 సెప్టెంబరులో ఇక్కడే కన్నుమూశాడు. ఏ సంగతి వచ్చినా వాక్యం ఏమంటోందని ముందు చూసే అలవాటును వేలమందికి నేర్పాడు. ఆయన్ను మార్చింది వాదనలు కాదు, చదువు.

ఆ గ్రంథం మన తెలుగులోకి రావడానికి ప్రాణాలు పెట్టినవాళ్లున్నారు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే మిషనరీలు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడుంటే సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజ్ చనిపోయారు. వాళ్ల చేతిపని 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఆ ఏడాది మార్చిలోనే శ్రీరాంపూర్ ముద్రణశాల కాలిపోయి అచ్చు అక్షరాలు, రాతప్రతులు ఎన్నో బూడిదయ్యాయి. అయినా పని ఆగలేదు. తర్వాత విశాఖలో జాన్ హే, నెల్లూరులో లైమన్ జ్యూయెట్, మదనపల్లెలో జేకబ్ చాంబర్లిన్ లాంటివాళ్లు తరం తర్వాత తరం కూర్చుని దిద్దారు.

ఆ దిద్దినవాళ్లకంటే ఎక్కువగా నన్ను కదిలించేది దాన్ని అందుకున్నవాళ్లు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామంది మాదిగలు. ఊరు వాళ్లకు బడిని, చదువును నిరాకరించింది. అక్షరం రానివాళ్ల చేతికి ఒక గ్రంథం వచ్చిందంటే దాని వెనకే పలక కూడా వచ్చిందన్నమాట. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో పల్లె సంఘాలు పాటలుగా, కథలుగా వాక్యం నేర్చుకున్నాయి.

మీ నాయనమ్మకూ చదువు రాదు. రాత్రిపూట మాతో కీర్తనలు చదివించుకునేది. నిద్ర మత్తులో మేము ఒక వరస దాటేస్తే "ఆగు బిడ్డా, నడుమ ఒక మాట ఇడిచిపెట్టినవ్" అని పట్టేసేది. మా తాత చనిపోయినప్పుడు ఆమె 88వ కీర్తన చదవమంటే మేము జంకాము. అది చీకట్లోనే ముగుస్తుంది, ఎక్కడా ఓదార్పు కనపడదు. ఆమె మాత్రం అదే అడిగింది. దేవుడి మీద అంత ఫిర్యాదు చేసిన ప్రార్థన కూడా లేఖనంలో ఉందంటే, నీ ప్రశ్నను దిగమింగుకోవలసిన అవసరం నీకేముంది?

ఈ గ్రంథం తనవాళ్లను కూడా వెనకేసుకురాదు. దావీదు చేసిన ఘోరాన్ని 2 సమూయేలు 11లో దాచకుండా రాసింది. పేతురు బొంకును నాలుగు సువార్తలూ రాశాయి. స్త్రీల సాక్ష్యానికి విలువివ్వని కాలంలో ఖాళీ సమాధిని ముందు చూసింది స్త్రీలేనని రాసింది. కట్టుకథ అల్లేవాడు అలా అల్లడు.

ఇక నాకు నిజంగా దిగులు పుట్టించే సంగతి. లేఖనానికి బయటివాళ్ల వీడియోల వల్ల కంటే మన అలవాట్ల వల్ల ఎక్కువ నష్టం. మన మీర్‌పేట్ కాలనీల్లో ఎన్ని సంఘాలు వెలిశాయో నీకు తెలుసు. డిసెంబరు 31 రాత్రి, కొత్త ఏడాదికని ఒక వచనం రాసిన వాగ్దానం కార్డు తీస్తాం. యిర్మీయా 29:11 వస్తే ఈ ఏడు ఉద్యోగం, ఇల్లు ఖాయమనుకుంటాం. ఒక్క వచనం పైకి, 10వ వచనానికి వెళ్లు. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే అని ఉంది. యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఈ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది చెరలోనే చనిపోయి ఉంటారు. ఆ ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని దేవుడు వాళ్లకు చెప్పాడు. ఆ మాట ఎంత లోతైనది! దాన్ని కార్డు మీద కత్తిరించి మనమే చిన్నది చేశాం. యాకోబు పత్రిక 2వ అధ్యాయం ధనవంతుడికి మంచి చోటు, పేదవాడికి కింద చోటు చూపించడాన్ని ఖండిస్తుంది. గలతీయులకు 3:28 భేదాలన్నిటినీ కొట్టేస్తుంది. అవి వినీ మనలో ఎంతమంది ఇంకా కులం చూసి సంబంధాలు కలుపుకుంటున్నారు? బైబిలు మార్చబడిందా అని అడిగే ముందు, బైబిలు మనల్ని మార్చిందా అని మనల్ని మనమే అడగాలి.

నీకు చెప్పేది ఇంతే. మార్కు సువార్త 16 అధ్యాయాలు ఒక్కసారే కూర్చుని చదువు. పాత అనువాదం భాష కష్టమైతే పక్కన సులువైనది ఒకటి పెట్టుకో. వచనాన్ని ఎప్పుడూ దాని ముందూ వెనకా ఉన్నదాంతో కలిపి చదువు. బోధకుడు ఎంత గట్టిగా చెప్పినా బెరయవాళ్లలా ఇంటికొచ్చి తెరిచి చూసుకో. ఏ మాట నీకు గుచ్చుకుంటుందో దాన్ని దాటిపోకు, అక్కడే ఆగు. అర్థం కాని చోట పెన్సిలుతో గీత గీసి నాకు రాయి. నాకు తెలిసినంత చెప్తాను, తెలియనిది ఇద్దరం కలిసి వెతుకుదాం. సెలవులకు వచ్చేటప్పుడు ఆ బైబిలు వెంట తీసుకురా.

ప్రేమతో,
నీ మేనత్త