విద్యుచ్ఛక్తి: ముందుచూపు

శివనసముద్రము వద్ద కావేరి జలపాతమై దుముకుచున్నది. ఆ నీటి బలముతో విద్యుత్తును పుట్టింపవలెనని దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున మైసూరు ప్రభుత్వము సంకల్పించెను. కోలారు బంగారు గనులకు విద్యుత్తు విస్తారముగా కావలసియుండెను. కనుక పెట్టిన ధనము తిరిగి వచ్చునను నమ్మకము కలిగెను. 1902లో సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగెలు సాగి గనులకు విద్యుత్తు చేరెను. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగెను.

అయితే దారిలోని పల్లెలకు దీపములు వెంటనే రాలేదు. ఏల? పెద్ద తీగెలనుండి పల్లెకు విద్యుత్తు నీయవలెనన్న వోల్టేజీ తగ్గించు ట్రాన్సుఫార్మరు, స్తంభములు, వేరు తీగెలు కావలెను. పల్లెలో వాడుక స్వల్పము, వ్యయము అధికము. ఇట్టిచోట లాభము చూచువాడు ముందునకు రాడు. ప్రభుత్వమే చేయూత నీయవలెను. అందులకే 1969లో కేంద్రప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించెను. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున, ఇంటికప్పుపై 3 కిలోవాట్ల సౌరఫలకములు అమర్చుకొనువారికి 78,000 రూపాయల వరకు సహాయము నిర్ణయింపబడెను.

సహాయము ప్రభుత్వమిచ్చును, అవసరమును మనమే తెలుపవలెను. మీ ఊరిలో దీపములు, పంపులు, పిండిమరలు ఎన్ని? ఏ వేళ వాడుక హెచ్చు? పెద్దల నడిగి పట్టిక వ్రాయుడు. లెక్కకు రాని ఊరు వెలుగునకు దూరమగును.