బొంత కుడదాం రండి: పాత చీరల నుంచి కుట్టుమూల దాకా 15 చిట్కాలు

బీరువా తలుపు తీస్తే మీద పడేటన్ని పాత నూలు చీరలు, పేరంటాల్లో బొట్టుపెట్టి ఇచ్చిన జాకెట్టు ముక్కలు, అరిగిన పంచెలు చాలా ఇళ్ళలో ఉంటాయి. వాటిని స్టీలు సామాన్లకు మార్చేసే ముందు ఒక్కసారి ఆగండి. బొంతకు కావలసిన సరుకంతా అందులోనే ఉంది. అయితే పొదుపు గుడ్డలో చూపండి గానీ సూదిలో, దారంలో, వెలుతురులో చూపకండి. గుడ్డ ఊరికే దొరుకుతుంది. దాని మీద పెట్టే శ్రమ ఊరికే రాదు.

గుడ్డ ఎంపిక

1. నిప్పుతో తేల్చుకోండి. నూలు అనుకున్న చీర చాలాసార్లు పాలిస్టర్ కలిసినదై ఉంటుంది. నాలుగు పోగులు లాగి, స్టీలు పళ్ళెంలో అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మారుతుంది. పూస కట్టిన గుడ్డను బొంతలో కలపొద్దు. అది పొరల మధ్య జారుతుంది, చెమట పీల్చదు, ఇస్త్రీ పెట్టె వేడికి ముడుచుకుపోతుంది. మిషను మీద కప్పడానికో, సంచులకో వాడుకోండి.

2. వెలుతురుకు పట్టి చూడండి. చీర అంతా ఒకేలా అరగదు. కుచ్చిళ్ళ అడుగుభాగం, భుజం మీద పిన్ను పెట్టేచోటు ముందు పోతాయి. కొంగు చివర, బొడ్లో దోపుకునే లోపలి చెరగు గట్టిగా ఉంటాయి. కిటికీకి అడ్డంగా పట్టుకుంటే పలచబడ్డ చోట్లు తెలిసిపోతాయి. రెండు బొటనవేళ్ళతో పట్టి లాగండి. బిగువుగా ఉన్నది పైకి, పలచగా ఉన్నా చిరగనిది లోపలికి. ఆ మాత్రం లాగుడుకే చిరిగితే అది తుడుపుగుడ్డకు. పోయే గుడ్డ మీద పది రోజులు కుట్టడం పొదుపు కాదు.

3. కొత్త జాకెట్టు ముక్కలను తడిపి ఆరేయండి. ఉతకని కొత్త గుడ్డ, వందసార్లు ఉతికిన చీర పక్కపక్కన చేరితే మొదటి ఉతుకులోనే కొత్తది కుంచించుకుపోయి బొంత ముడతలు పడుతుంది. ఎరుపు, మెరూన్, ముదురు నీలం ముక్కలను తెల్లని తడిగుడ్డతో రుద్దండి. రంగు అంటితే నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకండి. నీళ్ళలో ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని నమ్మకండి, పోయే రంగును ఉప్పు ఆపదు. పాత చీరల్లో గంజి ఉంటే వేడినీళ్ళలో నానబెట్టి వదిలించండి. గంజి ఉన్న గుడ్డలో సూది దిగడం కష్టం, పైగా బీరువాలో పురుగు చేరుతుంది.

4. ఫాల్ విప్పి దాచుకోండి. చీర చివికినా ఫాల్ తరచు గట్టిగానే ఉంటుంది. పొడవాటి పట్టీ సిద్ధంగా దొరికినట్టే, మధ్యకు మడిచి బొంత చుట్టూ అంచు కట్టుకోవచ్చు. జరీ అంచులు ఒంటికి గీసుకుంటాయి గనుక కత్తిరించి తీసేయండి. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ ఒకేలా కుంచించవు, ఒకేలా అరగవు. అందుకే నూలు భాగాన్నే బొంతకు తీసుకోండి.

కొలత, కత్తిరింపు

5. చీర లెక్క తెలుసుకుంటే కత్తెర పని తగ్గుతుంది. ఆరు గజాల చీర 216 అంగుళాల పొడవు, 45 అంగుళాల పన్నా ఉంటుందనుకుందాం. గజానికొక మడత చొప్పున ఆరు మడతలు వేస్తే 36 అంగుళాలకు 45 అంగుళాల పసిపిల్లల బొంతకు ఆరు పొరలూ ఒక్క చీరలోనే వచ్చేస్తాయి. మధ్యకు ఒకే మడత వేస్తే ఒక మనిషి పడుకునేందుకు 45 అంగుళాలకు 108 అంగుళాల రెండు పొరలు. అలాంటివి రెండు చీరలైతే నాలుగు పొరల పక్కబొంత. ఒక్క చీరనే రెండు ముక్కలు చేసి పక్కపక్కన కలిపితే 90 అంగుళాల వెడల్పున్న డబుల్ బొంతకు ఒక పొర. మొదటిసారి కుట్టేవాళ్ళు పసిపిల్లల బొంతతో మొదలుపెట్టండి.

6. ముక్కలు పెద్దవిగా కోయండి. చిన్న ముక్కల బొంత చూడముచ్చటగా ఉంటుంది, కుట్టేవాళ్ళ నడుమే చెబుతుంది అసలు సంగతి. కుట్టుకు నాలుగు పక్కలా అరంగుళం వదిలితే 5 అంగుళాల ముక్క 4 అంగుళాలకు తేలుతుంది. 60 అంగుళాలకు 88 అంగుళాల బొంతకు అలాంటివి 330 కావాలి. అదే జానెడు, అంటే 9 అంగుళాల ముక్క 8 అంగుళాలకు తేలుతుంది, 64 అంగుళాలకు 88 అంగుళాల బొంతకు 88 చాలు. పాత నూలు అంచుల్లో పోగులు ఊడతాయి కాబట్టి ఆ అరంగుళంలో పిసినారితనం వద్దు.

7. కొలబద్ద, చాక్‌పీసు కొనక్కర్లేదు. మందపాటి పెళ్ళి శుభలేఖలు అతికించి 9 అంగుళాల చదరం కోసుకుంటే అదే అచ్చు. గీతలకు అరిగిపోయిన ఒంటిసబ్బు బిళ్ళ వాడండి. ముదురు రంగుల మీద చక్కగా కనిపిస్తుంది, ఉతికితే పోతుంది. గట్టి నూలు గుడ్డను నిలువునా రెండు చేయాలంటే అంచున చిన్న గాటు పెట్టి చించండి. పోగు వెంట చిరుగుతుంది కాబట్టి కత్తెర కంటే తిన్నగా వస్తుంది. పలచబడిన గుడ్డకు మాత్రం కత్తెరే వాడాలి.

కుట్టుమూల

8. కిటికీ పక్కన మూల చూసుకోండి. కుట్టడానికి ప్రత్యేకంగా గది అక్కర్లేదు, మిషను, కుర్చీ పట్టే చోటు చాలు. కుడిచేతి వాటం వాళ్ళకు వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి, లేదంటే చేతినీడ సూది మీదే పడుతుంది. ఎడమచేతి వాటం వాళ్ళకు ఇది తిరగబడుతుంది. రాత్రి కుట్టేవాళ్ళు గది దీపాన్ని నమ్ముకోకుండా మెడ వంగే చిన్న ఎల్‌ఈడీ దీపం సూది దగ్గర పెట్టుకోండి. ముదురు రంగులన్నీ పగటికి, లేత రంగులు రాత్రికి పెట్టుకుంటే కళ్ళకు హాయి.

9. మిషనుకు ఎడమన బల్ల వేయండి. జాకెట్టు కుట్టడానికి, బొంత కుట్టడానికి తేడా బరువులో ఉంది. బొంత నేలకు వేలాడితే ఆ బరువు గుడ్డను పక్కకు లాగుతుంది. సూది వంగుతుంది, కుట్టు వంకర పోతుంది, ఒక్కోసారి సూదే విరుగుతుంది. ఎడమపక్కన, వెనకవైపున మిషను ఎత్తుకు సరిపడే బల్లో, ట్రంకు పెట్టెల దొంతరో పెట్టి బొంతను దాని మీద పరవండి. కాళ్ళ మిషను ఊగుతుంటే కాలి కింద మడిచిన అట్ట పెట్టండి.

10. దాచే సామాను ఇంట్లోనే ఉంది. రీళ్ళకు బిస్కెట్ డబ్బా, బాబిన్లకు మూత ఉన్న చిన్న సీసా, రంగుల వారీగా ముక్కలకు చెప్పుల అట్టపెట్టెలు సరిపోతాయి. పాడైన స్పీకరులోని అయస్కాంతం గుండుసూదులను పట్టి ఉంచుతుంది, నేల మీద పడ్డవాటినీ ఏరిపెడుతుంది. మిషను బల్ల అంచుకు పాత దిండు గలేబు కట్టి పీలికలన్నీ అందులో వేయండి. నిండాక మూతి కుడితే కూర్చోవడానికి మెత్త తయారు. పిల్లలున్న ఇంట్లో లేచే ముందు సూదులు లెక్కపెట్టడం మరవొద్దు.

11. మిషను పాతదైనా పర్వాలేదు. బొంతకు కావలసింది తిన్నని కుట్టు ఒక్కటే, పూలూ తీగెలూ కుట్టే ఖరీదైన మిషను అక్కర్లేదు. పాత నల్ల ఇనప మిషను దొరికితే మంచిదే. కొనబోయేటప్పుడు మీ గుడ్డ మీరే నాలుగు పొరలు మడిచి తీసుకెళ్ళి దాని మీద కుట్టించి చూడండి. చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. కుట్టు పైనా కిందా ఒకేలా ఉండాలి. బెల్టు, బాబిన్ కేసు లాంటివి మీ ఊరి మిషను రిపేరు కొట్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.

కుట్టు

12. పరవడంలోనే సగం పని. నేల కడిగి ఆరాక అడుగు పొరను తిరగేసి పరచండి. నాలుగు మూలలా ఇటుకలో, రోలు పొత్రమో పెట్టి బిగువుగా ఉంచండి, లాగి సాగదీయొద్దు. దాని మీద లోపలి పొరలు, చివర పై పొర. ఒక్కో పొరను మధ్య నుంచి అంచులకు అరచేత్తో సవరించండి. తరవాత జానెడు దూరంలో పెద్ద పెద్ద కచ్చా కుట్లు, అవీ మధ్య నుంచి బయటికే వేయాలి. ఈ పని తొందరగా కానిస్తే కింద పొర మడత పడి, బొంతంతా అయ్యాకే బయటపడుతుంది.

13. చేతికుట్టుకు నూలు దారం. గుడ్డ కంటే దారం మరీ గట్టిదైతే లాగుడు పడినప్పుడు గుడ్డే తెగుతుంది. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు, గుడ్డ తెగితే అతుకే గతి. 40 నంబరు నూలు దారం రెండు పేటలు తీసుకుని, మైనం ముక్క మీద ఒకసారి లాగితే చిక్కు పడదు. మూరన్నర మించి దారం ఎక్కించొద్దు. వరసకూ వరసకూ రెండు వేళ్ళ ఎడం ఉంచండి. మధ్యవేలికి ఇనప తొడుగు ఉంటే మంచిది. కర్ణాటకలోని సిద్ది తెగ మహిళలు కవాందీ అనే తమ బొంతలను అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు కుడతారు. ముక్కల అంచులు లోపలికి మడుస్తూ పోతారు కాబట్టి ముందుగా ముక్కలన్నీ కలిపి కుట్టే పని తప్పుతుంది. మిషను లేని ఇంట్లో ఈ పద్ధతి ప్రయత్నించదగ్గది.

14. మిషను కుట్టుకు 16 నంబరు సూది. మామూలు గుడ్డలకు వాడే 14 నంబరు నాలుగు పొరల మీద తడబడుతుంది. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లకు పెంచండి. కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తుంటే తప్పు తరచుగా పైదారానిదే. పాదం పైకెత్తి మొదటినుంచీ దారం మళ్ళీ ఎక్కించండి. పాత నూలు దూదిలా రాలుతుంది కాబట్టి బాబిన్ కేసు తీసి బ్రష్షుతో దులిపి, చుక్క మిషను నూనె వేసి, పనికిరాని గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టాకే బొంత పెట్టండి. టకటకమని చప్పుడు మొదలైతే సూది మొన పోయిందని అనుమానించి మార్చండి. బొంతతో పోలిస్తే సూది ఖరీదెంత?

వాడకం

15. ఉతుకు తగ్గించే ఉపాయం చేయండి. తడిసిన బొంత మోయలేనంత బరువెక్కుతుంది, మెలిపెట్టి పిండితే కుట్లు తెగుతాయి. అందుకే పై నుంచి పాత చీర ఒకటి గలేబులా చుట్టూ పెద్ద కుట్లతో తగిలించండి. మాసినప్పుడు అదొక్కటీ విప్పి ఉతికితే చాలు. బొంతను ఎండలో రెండు వైపులా వేసి దులపండి. తప్పక ఉతకాల్సి వస్తే మెలిపెట్టకుండా తొక్కి నీళ్ళు వంపేసి, తీగె మీద కాక పిట్టగోడ మీదో నులకమంచం మీదో పరిచి ఆరేయండి. ఎక్కడైనా కుట్టు జారితే ఆ రోజే అందుకోండి, జానెడు దారంతో పోయేది వారం ఆలస్యమైతే మూర దాటుతుంది. పై పొర చిరిగిన రోజున బొంత పారేయక్కర్లేదు. దాని మీద ఇంకో చీర పరిచి కుడితే లోపలి పొరలన్నీ మళ్ళీ పనికొస్తాయి.