ఎఫ్‌ట్రేస్: ఆరా తీయడానికీ ఖర్చుంది

"కెర్నెల్‌లోని ఫంక్షన్లన్నిటినీ ఒకేసారి ట్రేస్ చేసేస్తే పోలా నాన్నా?" అని ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి మొన్న అడిగింది. ఐటీ విభాగంలో ఒకసారి నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. లినక్స్ కెర్నెల్‌లోకి ఎఫ్‌ట్రేస్ 2008లో వచ్చింది. లోపల ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో అది రాసిపెడుతుంది. ఆపి ఉంచినప్పుడు ఫంక్షన్ల మొదట్లో ఏ పనీ చేయని సూచన ఒకటి ఉంటుంది, దాని భారం దాదాపు లేనట్టే. ఆన్ చేస్తే ఆ చోట ట్రేసర్‌కు పిలుపు వచ్చి కూర్చుంటుంది. నడుస్తున్న కోడ్‌నే మార్చాలి కనుక, ఇంటెల్ తరహా యంత్రాల్లో ఒకప్పుడు ప్రాసెసర్లన్నిటినీ క్షణకాలం నిలిపేవారు. ఇప్పుడు అలా నిలపరు గానీ, అన్నిటికీ కబురు మాత్రం వెళ్లాలి.

ప్రతి ప్రాసెసర్‌కూ సొంత బఫర్ ఉంటుంది, మన క్యాషియర్లలో ఎవరి స్క్రోల్ వారిదే అయినట్టు. ఒకరి కోసం ఇంకొకరు ఆగనక్కర్లేదు. అయినా ప్రతి పిలుపునూ రాసుకోవాలిగా!

టెస్ట్ సర్వర్ ఎందుకు మందగించిందో చూద్దామని అన్నిటినీ ట్రేస్ చేశాను. అది ఇంకా మందగించింది. నెట్‌వర్క్‌ను అనుమానిస్తూ సగం రోజు పోగొట్టాక, కొత్త ఆలస్యం నా ట్రేసింగ్‌దేనని తెలిసింది. ఫిల్టర్ ఫైల్లో డిస్కుకు సంబంధించిన నాలుగు ఫంక్షన్ల పేర్లే రాసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి సర్వర్ తన పాత జబ్బుతోనే నడిచింది. నాకు కావలసిందీ అదే.