యువకులు బండి నడపుట - ఇంటివారును, స్నేహితులును



మోటారు బండి నడపుట కాలుసేతుల నేర్పు మాత్రమే యని యనేకులు తలంతురు. బ్రేకు నొక్కుట కొలది దినములలో నేర్వవచ్చును. దాని నెప్పుడు నొక్కవలెనో తెలిసికొను బుద్ధి మాత్రము చుట్టునున్నవారిని జూచి మెల్లమెల్లగా నలవడును. అట్టివారిలో ఇంటివారును, స్నేహితులును ముఖ్యులు. యువకుని నడవడిపై వీరి ప్రభావ మెట్టిదో యీ పాఠమున విచారింతము.

ఇది చిన్న విషయము గాదు. ప్రపంచమున 5 మొదలు 29 సంవత్సరముల వయస్సుగలవారి మరణములకు రోడ్డు ప్రమాదములే ప్రథమ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. మన దేశమున 2022వ సంవత్సరమందు 1,68,491 మంది రోడ్డు ప్రమాదములలో మరణించిరి. వారిలో నూటికి సుమారు 44 మంది మోటారు సైకిళ్లమీదను, స్కూటర్లమీదను పోవుచుండినవారే.

1. ఇంటివారి ప్రభావము

లైసెన్సు చేతికి వచ్చుటకు ఎన్నో యేండ్లు ముందే బాలునికి పాఠము ప్రారంభమగును. తండ్రి హెల్మెట్టును బండికి తగిలించుకొని, పోలీసువారు కనబడినపుడు మాత్రమే తలకు బెట్టుకొనినచో, అది పోలీసువారికొరకే గాని తలకొరకు గాదని వెనుక కూర్చున్న పిల్లవాడు గ్రహించును. దగ్గరి దారి యని అన్న యెదురుదిశను బండి నడపినచో, తమ్ముడును రేపు అట్లే నడపును. ఆవు చేలో మేయగా దూడ గట్టున మేయునా?

కొందరు తలిదండ్రులు ముద్దుచేతనో, ట్యూషనుకు ఆలస్యమగుననియో పదునాలుగేండ్ల బాలునికి బండి తాళము నిత్తురు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారు బండి నడపరాదు, 50 సి.సి.లకు మించని మోటారు సైకిలును మాత్రము 16 ఏండ్లు నిండినవారు లైసెన్సుతో నడపవచ్చును. 2019వ సంవత్సరపు సవరణ ననుసరించి, బాలుడు నేరము చేసినచో సంరక్షకుడుగాని, బండి యజమానుడుగాని, తన యెఱుక లేకుండ జరిగినదని రుజువు చేయనియెడల, మూడేండ్లవరకు ఖైదునకును, 25,000 రూపాయల జుల్మానాకును పాత్రుడగును. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లభింపదు.

2. స్నేహితుల ప్రభావము

ఇంట నేర్చిన మంచిని స్నేహితు లొక్క క్షణములో మఱపింపగలరు. అమెరికా దేశమున గార్డ్నరు, స్టెయిన్‌బర్గు అను మనశ్శాస్త్రజ్ఞులు 2005లో ఒక పరిశోధనను ప్రకటించిరి. కంప్యూటరు తెరపై కారు నడపు ఆట యది. పసుపు దీపము వెలిగిన పిమ్మట ఎంత దూరము పోయిన నంత లాభము. ఆగకముందే ప్రమాదము జరిగినచో నష్టము. 13 మొదలు 16 ఏండ్లవారు ఒంటరిగా ఆడినప్పటికంటె తోటివారు చూచుచుండగా ఎక్కువ తెగించిరి. 24 ఏండ్లు దాటినవారిలో నీ భేదము కానరాలేదు. తోటివారి మెప్పు చిన్నవయస్సువారి నెంతగా లాగునో దీనివలన తెలియుచున్నది.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకండునకు సుమారు 17 మీటర్లు సాగును. వెనుకనున్నవాని మాటకు రెండు సెకండ్లు తల త్రిప్పినచో, 33 మీటర్లు దారి చూడకయే పోయినట్లగును. “ఇంకను వేగముగా పొమ్ము” అను మాటవలన వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. నవ్వుచు ఆ మాట పలికినవాడును ఆ బండిమీదనే యున్నాడు గదా!

అయినను, కీడు చేయగల నోరే మేలును చేయగలదు. “మెల్లగా పొమ్ము, లేనిచో నేనిచ్చటనే దిగెదను” అని స్నేహితుడు చెప్పినచో, పోలీసువారి భయముకంటె ఆ మాట యెక్కువ పనిచేయును.

3. ఆచరింపదగినవి

(అ) వెనుక కూర్చున్నపుడును హెల్మెట్టు ధరింపుడు.
(ఆ) ఒక బండిపై ముగ్గురు కూర్చుండకుడు.
(ఇ) బండి నడపుచున్నవానికి ఫోను చేయకుడు.
(ఈ) మద్యము త్రాగినవాని బండి యెక్కకుడు, వానిని నడపనీయకుడు.

మీలో పెక్కుమందికి బండి నడపు వయస్సు ఇంకను రాలేదు. అయినను మీరు నేడే ఒకరి వెనుక కూర్చుండుచున్నారు. కావున అతని బుద్ధిలో మీకును భాగము కలదు.

ప్రశ్నలు

1. తండ్రి నడవడివలన బాలుడు లైసెన్సుకు ముందే ఏమేమి నేర్చును?
2. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి రెండు సెకండ్లలో ఎంత దూరము సాగును?
3. ఈ వారము మీ రెక్కిన బండిని నడపినవారితో మీరేమి పలికితిరి? ఏమి పలికియుండవలసినది?